ఆల్టోతో మనాలి మంచులోకి వెళ్లొచ్చా? (మీ బండి – మీ ప్రశ్న)

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే నాకొచ్చే ప్రశ్నలు మారిపోతాయి. మొన్నటిదాకా మైలేజీ ఎందుకు తగ్గింది, వానకి తలుపు సందులోంచి నీళ్లెందుకు కారుతున్నాయి అని అడిగినవాళ్లంతా ఇప్పుడు హిమాలయాల మీద పడ్డారు. ఈసారి బరంపురం నుంచి బల్లార్షా దాకా వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చిన్న కార్ల గురించీ, మంచు గురించీనే. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి జవాబిస్తున్నాను, ఎవరి ఉత్తరం కనపడకపోయినా ఏమీ అనుకోవద్దు.

మాస్టారూ, మాకు ఆల్టో కె10 ఉంది. జనవరిలో నేను, మా ఆవిడ, బాబు, మా బావమరిది కలిసి కారులోనే మనాలి వెళ్దామనుకుంటున్నాం. బాబుకి మంచు చూపించాలని ఎప్పటి నుంచో కోరిక. మా బావమరిదేమో "ఈ కారు మరీ తేలిక, మంచులో జారిపోతుంది, డిక్కీలో రెండు ఇసుక బస్తాలు వేస్తేగానీ నేను ఎక్కను" అని కూర్చున్నాడు. ఆయన మాట నిజమేనా?
– బరంపురం పాఠకుడు

మీ బావమరిది ఇసుక తెమ్మనడం బాగానే ఉంది, ఎందుకో చెప్పడంలోనే తేడా వచ్చింది.

ముందు బరువు సంగతి చూద్దాం. మీ కారు ఖాళీగా 750 కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది. బరువైన బండికి రోడ్డు మీద పట్టు ఎక్కువ, నిజమే, కానీ ఆపాల్సిన బరువు కూడా అంతే ఎక్కువ కదా, ఆ లాభం ఈ నష్టంలో పోతుంది. అందుకే ఒకే రకం టైర్లున్న ఆల్టో, రెండు టన్నుల పెద్ద బండి ఒకే వేగంతో వస్తూ మంచు మీద బ్రేకు కొడితే దాదాపు ఒకే దూరంలో ఆగుతాయి. పొడి తారు రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు కొడితే కారు సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. బళ్లు తొక్కి తొక్కి గట్టిపడ్డ మంచు మీద అదే వేగానికి 30 మీటర్లు పడుతుంది. ఐసు మీదైతే 60 మీటర్లు దాటిపోతుంది. ఇది బ్రేకు పడ్డాక లెక్క, కాలు పెడల్ మీదకి వెళ్లేలోపు పోయే దూరం వేరే. మన వైపు ఊళ్లలో చోళ్ల పంట నూర్చడానికి గడ్డి తెచ్చి రోడ్డు మీద పరిచేస్తారు చూడండి, దాని మీద బ్రేకు కొట్టినవాడికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. అక్కడ లారీ అయినా, స్కూటీ అయినా జారుడు జారుడే.

ఇక ఇసుక. ఆల్టోకి ముందు చక్రాలే లాగుతాయి, ఇంజన్ కూడా వాటి మీదే కూర్చుంటుంది. అంటే దేవుడిచ్చిన బస్తా ఇప్పటికే ఉండాల్సిన చోటే ఉంది. డిక్కీ వెనక చక్రాల ఇరుసుకి అవతల ఉంటుంది కాబట్టి అక్కడ వంద కిలోలు వేస్తే ముందు చక్రాలు కాస్త తేలికపడతాయి, లాగే చక్రాలకే పట్టు తగ్గుతుంది. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఎలాగూ వెనక్కి వాలుతుంది. ఇసుక బస్తా చిట్కా పాత రోజుల్లో వెనక చక్రాలు లాగే అంబాసిడర్లకీ, జీపులకీ పనికొచ్చింది, అక్కణ్ణుంచి మాట మిగిలిపోయింది. నలుగురూ సామానుతో కూర్చున్నాక ఎత్తులో ముందు చక్రాలు తిరిగిపోతుంటే ఇద్దరిని దింపి నడిపించండి, లేదా మీ బావమరిది కాస్త బరువైన మనిషైతే ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

అయినా ఇసుక తీసుకెళ్లమనే అంటాను, బరువుకి కాదు, చల్లడానికి. అయిదు కిలోల సంచి ఒకటి, రెండు ఖాళీ గోనె సంచులు చాలు. చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే చాలామంది ఇంకా ఎక్సలేటర్ తొక్కుతారు. అలా తొక్కినకొద్దీ టైరు వేడికి కింద మంచు కరిగి, వెంటనే మళ్లీ గడ్డకట్టి, గాజు పలకలా తయారవుతుంది, టైరు ఆకారంలో చిన్న గుంట పడుతుంది, తర్వాత నలుగురు తోసినా కదలదు. మొదటిసారి తిరగ్గానే కాలు తీసేయాలి. దిగి, ముందు చక్రాల ముందు మంచు గీకి, గోనె సంచి అంచు టైరు కిందకి దూర్చి, పైన ఇసుక చల్లి, రెండో గేరులో క్లచ్ నెమ్మదిగా వదలాలి. ఆర్మీలో బండి తోలిన రోజుల్లో పెద్ద పెద్ద ట్రక్కులు కూడా ఇలా గోనె సంచుల మీదే బయటపడటం చూశాను. ఒకటే జాగ్రత్త, సంచి వెనక ఎవరూ నిలబడకూడదు, టైరు దాన్ని విసిరి కొడుతుంది.

చిన్న కారుకి మంచులో నిజంగా కలిసొచ్చేవీ ఉన్నాయి, అవి ఎవరూ చెప్పరు. మీ టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు. కొత్తగా పడ్డ మెత్తటి మంచులో సన్న టైరు కోసుకుంటూ కింద రోడ్డుని అందుకుంటుంది, వెడల్పాటిది పైన తేలుతుంది. ఎత్తుకి వెళ్తే గాలి పలచబడి ఇంజన్ శక్తి తగ్గుతుంది, 3 వేల మీటర్ల దగ్గర దాదాపు మూడో వంతు పోతుంది, దానికి అందరూ ఏడుస్తారు గానీ జారే రోడ్డు మీద తక్కువ శక్తి ఉండటమే మంచిది, చక్రం ఊరికే తిరగదు. జపాన్‌లో 660 సీసీ చిన్న కార్లు మంచు దట్టంగా పడే హొక్కైడోలో కూడా తిరుగుతాయి, అక్కడ ఆల్టోని నాలుగు చక్రాలూ లాగే రకంలో కూడా అమ్ముతారు. కాబట్టి బండి చిన్నదని సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే అక్కడి బళ్లకి చలికాలం టైర్లుంటాయి, మీ బండికి లేవు. తేడా అంతా అక్కడే ఉంది. మనం వాడే టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే కిందకి చలి దిగితే బిరుసెక్కిపోతుంది. చలికాలం టైరు రబ్బరు మెత్తగానే ఉండి పట్టుకుంటుంది. ఆల్టో సైజులో అలాంటి టైర్లు మన దేశంలో వెతికి పట్టుకోవడం కష్టం.

నష్టం ఎక్కడంటే ఎత్తులో. మీ బండి పొట్ట నేలకి జానెడు ఎత్తు కూడా ఉండదు. మంచు అంతకంటే లోతు ఉంటే పొట్ట దాని మీద ఆనుతుంది, చక్రాలు గాల్లో ఉన్నట్టే. మధ్యలో ఎత్తుగా గట్టుకట్టి, రెండు పక్కలా పెద్ద జీపుల టైర్ల గాడులు పడ్డ రోడ్డు కనిపిస్తే లోపలికి వెళ్లొద్దు, ఆ గాడుల కొలత మీ బండిది కాదు.

మంచులో పట్టు కోసం టైర్లకి చుట్టే చైన్లు కొంటే ముందు చక్రాలకే వేయాలి. వేసుకున్నాక 30 దాటొద్దు, మంచు లేని తారు రాగానే విప్పేయాలి, లేకపోతే చైనూ పోతుంది, టైరూ పోతుంది. చిన్న కార్లలో చక్రానికీ రేకుకీ మధ్య సందు తక్కువ, లావు చైను లోపల కొట్టుకుంటుంది, అందుకని టైరు మీద రాసున్న సైజు చూపించే కొనండి. కొన్నాక ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి వేసి, తీసి చూడండి. వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు, వెనక పది బళ్లు హారన్లు కొడుతున్నప్పుడు మొదటిసారి నేర్చుకునే పని కాదది.

నడపడం గురించి కొంచెం. బయల్దేరేటప్పుడు ఫస్ట్ కాదు, సెకండ్ గేరు. ముందు బండికి మామూలుగా వదిలే ఖాళీకి నాలుగైదింతలు వదలండి. ఎత్తు కనిపిస్తే ముందు బండి పైకి ఎక్కేదాకా కిందే ఆగి, తర్వాత మీరు ఒకే ఊపులో, నిదానంగా, మధ్యలో ఆగకుండా ఎక్కండి. దిగేటప్పుడు ఫస్ట్ లేదా సెకండ్‌లో ఇంజనే పట్టుకోవాలి, బ్రేకు మీద కాలు ఆనీ ఆననట్టు ఉండాలి. మలుపులోకి వచ్చాక బ్రేకు కొట్టడం కాదు, మలుపు రాకముందే తిన్నటి రోడ్డు మీద వేగం తగ్గించుకోవాలి. స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతుంటే ఇంకా తిప్పకండి, కాలు తీసి స్టీరింగ్ కాస్త వెనక్కి వదిలితే ముందు చక్రాలకి పట్టు దొరుకుతుంది. వెనక భాగం పక్కకి కొట్టుకుపోతే అది ఎటు పోతోందో స్టీరింగ్ కూడా అటే తిప్పాలి, బ్రేకు మాత్రం తొక్కకూడదు. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లన్నిటికీ, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంటుంది, బ్రేకు కొట్టినప్పుడు పెడల్ కింద టకటకా కొట్టుకుంటుంది, భయపడి కాలు తీయొద్దు. ఏబీఎస్ ఉంటే స్టీరింగ్ మీ మాట వింటుంది, కానీ వదులు మంచులో ఆగే దూరం మాత్రం తగ్గించదు.

అన్నిటికంటే మోసం, కనపడని ఐసు. పగలు ఎండకి కరిగిన నీళ్లు సాయంత్రం నాలుగైదింటికి మళ్లీ గడ్డకడతాయి. కొండ నీడ పడే మలుపుల్లోనూ, వంతెనల మీదా రోడ్డు నల్లగా తడిసినట్టే ఉంటుంది. ముందు బండి టైర్ల నుంచి నీటి తుంపర లేస్తుందో లేదో చూడండి. రోడ్డు తడిగా కనిపిస్తూ తుంపర లేవలేదంటే అది నీళ్లు కాదు. పొద్దున్న పది తర్వాత బయల్దేరి మధ్యాహ్నం మూడింటికల్లా హోటల్‌కి చేరిపోయేలా చూసుకోండి.

ఇంతా చెప్పాక, నన్నడిగితే కారుని మనాలి ఊళ్లోనే వదిలేయండి. రోహ్‌తాంగ్ కనుమ శీతాకాలంలో ఎలాగూ మూసేస్తారు. 2020 అక్టోబరులో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటితే, అవతల లాహుల్‌లో మంచు బాగా ఉంటుంది కాబట్టి అందరూ అటే పోతారు. కానీ మంచు పడగానే పోలీసులు కిందే ఆపేసి, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ బళ్లనీ, చైన్లున్నవాటినీ మాత్రమే పంపిస్తారు. 2024 డిసెంబరులో క్రిస్మస్ ముందు ఆ దారిలో వందల కార్లు రాత్రిదాకా ఇరుక్కుపోయాయి. అక్కడి డ్రైవర్‌కి డబ్బులిచ్చి జీపులో పోయి, బాబుని మంచులో ఆడించి, వెనక్కి రండి. మీరు కిటికీలోంచి నాలుగు కొండలు చూసుకోవచ్చు కూడా, స్టీరింగ్ మీ చేతిలో ఉంటే అదీ ఉండదు.

ఇంకో మాట, మీరు అడగలేదు. బరంపురం నుంచి మనాలి రెండు వేల కిలోమీటర్ల పైమాటే. జనవరిలో ఉత్తరప్రదేశ్, హర్యానా మైదానాల్లో తెల్లవారుజామున పొగమంచు ఎలా ఉంటుందంటే బానెట్ చివర కనపడదు. నాకు మనాలి మంచు కంటే ఆ ఎక్స్‌ప్రెస్ వేలే ఎక్కువ టెన్షన్. అక్కడ రాత్రి ప్రయాణం అస్సలు పెట్టుకోవద్దు.

మా పాత నానో ఇంకా బాగానే నడుస్తోంది. ఇంజన్ వెనక ఉంది కదా, మంచులో ఇదే బెస్ట్ అని మా ఫ్రెండ్ అంటాడు. నిజమా?
– జయపురం నుంచి

సగం నిజం తమ్ముడూ. వెనక ఇంజను, వెనక చక్రాలే లాగుతాయి, కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు బాగుంటుంది. కానీ ముందు భాగం తేలిక, ముందు టైర్లు 135 వెడల్పే. స్టీరింగ్ తిప్పాక బండి తిరగాలా వద్దా అని ఆలోచిస్తుంది. దిగుడులో గేరు ఠక్కున తగ్గిస్తే వెనక చక్రాలు పట్టు వదిలి బండి బొంగరం తిరుగుతుంది. ఏబీఎస్ కూడా లేదు, బ్రేకు తొక్కి వదిలి తొక్కి వదిలి ఆపుకోవాలి. కోరాపుట్ చుట్టుపక్కల తిప్పుకోండి, దానికి అది బంగారం లాంటి బండి.

మాది రాయగడ. ఎండాకాలం బండి వేడెక్కుతోందని మా మెకానిక్ కూలెంట్ మానేసి మంచి నీళ్లే పోస్తున్నాడు, రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. ఫిబ్రవరిలో సిమ్లా వెళ్తున్నాం. ఇంజన్‌కి చలి తగులుతుందా, పెట్రోలు గడ్డకడుతుందా?

పెట్రోలు గడ్డకట్టదు, దాని గురించి నిద్ర మానుకోవద్దు. రేడియేటర్‌లో నీళ్ల గురించి మానుకోండి.

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుని ఏ ఇనుమూ ఆపలేదు. రాత్రి హోటల్ బయట సున్నాకి కింద నాలుగైదు డిగ్రీల్లో బండి నిలబడితే పొద్దున్నకి రేడియేటర్ గొట్టాలు చీలొచ్చు, అదృష్టం బాగోకపోతే ఇంజన్ బ్లాకే పగుళ్లు ఇస్తుంది. చిన్న కారు కొన్న ధరలో పెద్ద భాగం ఆ ఒక్క రాత్రిలో పోతుంది. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ సగానికి సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, పైగా మామూలు నీళ్ల కంటే ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది, అంటే రాయగడ ఎండలకీ అదే మంచిది. తుప్పు పట్టనివ్వదు కూడా. మీ మెకానిక్‌కి కోపం రాకుండా చెప్పి, ఉన్న నీళ్లు పూర్తిగా దింపించి, లోపల కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్ పోయించండి. నీళ్ల మీద కూలెంట్ ఒక సీసా గుమ్మరిస్తే సరిపోదు, పాళ్లు తప్పితే రక్షణ కూడా తగ్గుతుంది.

అద్దాలు కడిగే చిన్న ట్యాంకులో కూడా మామూలు నీళ్లు ఉంచొద్దు. బ్యాటరీ నాలుగేళ్లు దాటి ఉంటే ఇక్కడే పరీక్ష చేయించండి, చలికి దాని బలం బాగా తగ్గిపోతుంది, మన ఊళ్లో ఒక్క తిప్పుకే అందుకునే బండి అక్కడ పొద్దున్నే మూలుగుతుంది.

టైర్లలో గాలి గురించి కూడా ఒకరు అడిగారు. ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు పడిపోతే గాలి ఒక పాయింటు తగ్గుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గేజు మళ్లీ కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఇంటి దగ్గర లెక్కలు కట్టే కంటే అక్కడికి వెళ్లాక పొద్దున్నే చల్లటి టైరు మీద కొలిపించి, తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత పెట్టించడం తేలిక. మంచు కోసమని సగం గాలి తీసేయమని ఎవరైనా చెబితే వినొద్దు, అది ఇసుకలో దిగబడ్డప్పుడు చేసే పని.

డీజిల్ కారు వాళ్లకి మాత్రం వేరే కథ. డీజిల్‌లో ఉండే మైనం చలికి పేరుకుని ఫిల్టరు మూసేస్తుంది. మన దగ్గర ట్యాంకు నింపుకుని నేరుగా కొండెక్కకండి, పైకి వెళ్లేముందు అక్కడి బంకులోనే పోయించుకోండి. లద్దాఖ్ కోసమైతే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 దాకా పారే డీజిల్‌ని ప్రత్యేకంగా తెచ్చింది.

అన్నయ్య గారూ, మా అమ్మాయి కెనడాలో మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న అక్టోబరులో సెకండ్ హ్యాండ్‌లో బాగా చిన్న కారు కొంది. ఫోటో చూస్తే మా వీధిలో ఆటో అంత ఉంది. అక్కడ నడుం లోతు మంచు పడుతుందట కదా. పెద్ద కారు కొనుక్కోమంటే వినడం లేదు. మీరైనా చెప్పండి.
– పర్లాకిమిడి నుంచి ఒక తల్లి

అమ్మా, ఈ విషయంలో నేను మీ అమ్మాయి పక్షమే, ఒక షరతు మీద. ఈసారి ఫోన్ చేసినప్పుడు కారు సైజు గురించి కాదు, టైర్ల గురించి అడగండి. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు గుర్తు ఉందా అని. క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలం టైర్లు చట్టప్రకారం తప్పనిసరి, కాబట్టి వేసుకునే ఉంటుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి. డబ్బులు మిగులుతాయని ముందు రెండే మారిస్తే ముందు పట్టుకుంటుంది, వెనక పట్టుకోదు, మలుపులో బండి వెనక్కి తిరిగి నిలబడుతుంది. నాలుగు మంచి టైర్లున్న చిన్న కారు, మామూలు టైర్లున్న పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ కంటే ముందు ఆగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ కదలడానికి సాయం చేస్తుందే గానీ ఆపడానికి కాదు. బ్రేకులు ఎవరికైనా నాలుగే కదా. పైగా అక్కడ మంచు ఎత్తే యంత్రాలు రాత్రంతా తిరుగుతాయి, మనాలి కొండ రోడ్డుతో దాన్ని పోల్చకూడదు.

అయితే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. బండి మంచులో ఆగిపోయి, హీటర్ కోసం ఇంజన్ నడుపుతూ లోపల కూర్చుంటే, బయట మంచు పేరుకుని పొగ గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర పర్యాటకుల కార్లు రాత్రంతా మంచులో చిక్కుకుపోయి 20 మందికి పైగా చనిపోయారు. కొందరి ప్రాణం తీసింది చలి కంటే ఆ వాయువే అని అప్పట్లో అధికారులు చెప్పారు. చిన్న కారుకి గొట్టం ఇంకా కిందకి ఉంటుంది, త్వరగా మూసుకుంటుంది. అందుకని ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తీసేయాలి, గంటకి పది నిమిషాలే ఇంజన్ నడపాలి, ఆ పది నిమిషాలూ గాలి కొట్టని వైపు అద్దం రెండు వేళ్ల సందు దించి ఉంచాలి. ఇది అమ్మాయికి తెలుసని ఊరుకోకండి, మళ్లీ చెప్పండి, విసుక్కున్నా పర్వాలేదు.

డిక్కీలో ఒక పార, మందపాటి దుప్పటి, టార్చి, తినడానికి ఏదైనా ఉండాలి, ట్యాంకు సగానికి తగ్గనివ్వకూడదు. పొద్దున్నే అద్దం మీద చూసుకునేంత కన్నం గీకి బయల్దేరితే కుదరదు, పైకప్పు మీది మంచు కూడా తీయాలి, లేకపోతే మొదటి బ్రేకుకే అదంతా జారి అద్దం మీద పడి ఏమీ కనపడదు. ఇంకోటి, అక్కడ రోడ్లకి ఉప్పు చల్లుతారు. గోపాల్‌పూర్ వైపు ఉప్పు గాలికి బండి రేకు ఏమవుతుందో మన వాళ్లకి తెలుసు. చలికాలంలో కూడా అప్పుడప్పుడు బండి అడుగు భాగం కడిగించుకోమనండి.

దారింగిబాడిలో ఈసారి మంచు పడిందని వాట్సాప్‌లో వీడియోలు వస్తున్నాయి. మోహనా నుంచి మా వ్యాగన్ ఆర్‌లో వెళ్లడానికి చైన్లు కావాలా?

అక్కర్లేదు బాబూ. ఒడిశా కాశ్మీర్ అని పేరే గానీ ఊరు మూడు వేల అడుగుల ఎత్తు. చలి బాగా పడిన తెల్లవారుజామున గడ్డి మీదా, కారు కప్పుల మీదా తేమ తెల్లగా గడ్డకడుతుంది. వీడియోల్లో కనిపించేది అదే, ఎండ వచ్చేసరికి ఉండదు. మీకు కావాల్సింది చైన్లు కాదు, కారు అద్దం మీద రాత్రి కప్పడానికి ఒక పాత దుప్పటి. మర్చిపోతే, అద్దం మీద గడ్డకట్టినదాన్ని పాత ఏటీఎం కార్డుతో గీకేయండి. వేడినీళ్లు మాత్రం పోయొద్దు, అద్దం నిలువునా పగులుతుంది.

సాలూరు నుంచి సెమిలిగుడకి వారం వారం మా చిన్న కారులో వెళ్తాను. డిసెంబరు, జనవరిలో సుంకి ఘాట్‌లో పొగమంచుకి ఎదుటి లారీ కనపడదు. హై బీమ్ వేస్తే ఇంకా తెల్లగా అయిపోతోంది. ఫాగ్ ల్యాంపులు పెట్టించాలా?

మనాలి గురించి అడిగేవాళ్లు నూటికొకరు వెళ్తారేమో, ఈ ఘాట్ మాత్రం మనందరం ఎక్కేదే.

హై బీమ్ అస్సలు వద్దు. పొగమంచులోని నీటి బిందువులు ఆ వెలుతురుని తిప్పి మీ కళ్లలోకే కొడతాయి. లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు. ఫాగ్ ల్యాంపులు బంపర్ కింద, వీలైనంత కిందకి బిగించాలి. అందం కోసం పైన పెట్టించుకుంటే హై బీమ్ తప్పే మళ్లీ చేసినట్టు. నడుస్తున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోయే అలవాటు మన రోడ్ల మీద బాగా ఉంది. వెనకవాడికి మీరు ఆగారో, నడుస్తున్నారో, ఎటు తిరుగుతున్నారో తెలియదు, మానేయండి. అవి బండి ఆపినప్పుడే.

చిన్న కారులో నలుగురు కూర్చుంటే లోపలి ఊపిరికే అద్దానికి ఆవిరి పట్టేస్తుంది. బయట పొగమంచు అనుకుని చాలామంది వైపర్ తిప్పుతూనే ఉంటారు. చలేసినా ఏసీ వేసి గాలి అద్దం మీదకి తిప్పండి, లోపలి గాలే తిరిగే బటన్ ఆపేయండి, నిమిషంలో తేటపడుతుంది. ఘాట్‌లో రోడ్డు అంచు తెల్ల గీత పట్టుకుని పోండి, మధ్య గీత పట్టుకుంటే ఎదుటివాడూ అదే పట్టుకుని వస్తుంటాడు. రేడియో కట్టేసి కిటికీ నాలుగు వేళ్లు దించితే మలుపు అవతల లారీ హారన్ కంటే ముందే దాని ఇంజన్ చప్పుడు వినిపిస్తుంది. ముందు లారీ వెనక లైట్లు పట్టుకుని పోవడం సుఖంగానే ఉంటుంది, కానీ అది ఆగిపోయిన లారీ అయితే తెలిసేసరికి ఆలస్యం. పూర్తిగా కనపడనప్పుడు రోడ్డు మీద ఆగకుండా, వెడల్పైన చోటు చూసి తారు దిగి పక్కకి పెట్టుకోండి, ఎండ వచ్చేదాకా టీ తాగండి. మన ఘాట్లలో పొద్దున్న తొమ్మిది, పది దాటితే చాలా వరకు తేటపడుతుంది.

గేర్లు వాటంతట అవే మారే ఏఎంటీ కారు మంచులో నడపొచ్చా?
– బల్లార్షా

నడపొచ్చు, కానీ గేర్లు దానికి వదిలేయొద్దు. మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేరులో బయల్దేరండి. డ్రైవ్‌లో వదిలేస్తే అది ఫస్ట్‌లో అందుకుని, చక్రం తిరగ్గానే గందరగోళపడి ఎత్తు మధ్యలో గేరు మారుస్తుంది, ఆ అర క్షణంలో ఊపు పోతుంది. ఎత్తు మీద ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు వెనక్కి జారే రకాలున్నాయి, మీదానికి అలా జారకుండా కాసేపు బ్రేకు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉందో లేదో ఇక్కడే ఏదైనా వంతెన ఎత్తు మీద చూసుకోండి.

కొండ మీద రాత్రి చలిలో బండి పెట్టినప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకూడదంటారు, ఎందుకు? మరి బండి దొర్లిపోదా?
– సిరొంచ

తడి చేరిన బ్రేకు కేబుల్, వెనక డ్రమ్ములు రాత్రికి గడ్డకట్టి పట్టేస్తాయి, పొద్దున్న హ్యాండ్ బ్రేక్ దించినా చక్రాలు వదలవు. బలవంతంగా లాగితే కేబుల్ తెగుతుంది. సమంగా ఉన్న చోటు చూసి, ఫస్ట్ గేరులో వేసి, వెనక చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టండి. వైపర్లు అద్దం నుంచి ఎత్తి నిలబెట్టండి, లేకపోతే అవీ అతుక్కుంటాయి. పొద్దున్న స్టార్ట్ చేసేముందు క్లచ్ పూర్తిగా తొక్కండి, బండి గేరులో ఉందన్న సంగతి గుర్తుంచుకుని. రాళ్లు తీశాకే బయల్దేరండి, తీసినవి రోడ్డు మధ్యలో వదిలేయకండి.